దీవి ఎదుట ఒక రాత్రి

సభకు నమస్కారం. నలుగురు స్నేహితులతో కలిసి తెరచాప పడవలో దక్షిణ పసిఫిక్‌లోని సువారో దీవికి వెళ్ళివచ్చిన సంగతి చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఇలాంటి ప్రయాణం అనగానే అందరూ తుపానుల గురించీ సొరచేపల గురించీ అడుగుతారు. వాటికంటే ముఖ్యమని నేననుకునే విషయం ఒకటుంది. ఐదు రోజులు పగలూ రాత్రీ ప్రయాణం చేసి, కొబ్బరిచెట్ల తలలు కళ్ళెదుట కనిపిస్తుండగా, లోపలికి వెళ్ళకుండా ఒక రాత్రంతా బయట సముద్రంలోనే ఉండిపోయాం. ఆ ప్రయాణంలో మేం చేసిన పనులన్నింటిలోకీ కష్టమైనదీ, సరైనదీ అదే. అది ఎందుకు కష్టమైందో తెలియాలంటే ముందు ఆ దీవి ఎలాంటిదో తెలియాలి.

సువారో కుక్ దీవుల దేశానికి చెందినది. ఆ దేశపు రాజధాని ఉన్న రారోటొంగా దీవి నుంచి వాయవ్యంగా దాదాపు 950 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1814లో రష్యా నావికుడు మిఖాయిల్ లాజరెవ్ దీన్ని చూసి తన ఓడ పేరైన సువోరొవ్‌నే దీనికి పెట్టాడు. ఆ పేరే నాలుకల మీద నలిగి ఇప్పుడు సువారో అయింది. దీవి అంటున్నాం గాని నిజానికి అది ఒక్క దీవి కాదు. సముద్రం మధ్య ఉంగరంలా పెరిగిన పగడపు దిబ్బ, దాని మీద అక్కడక్కడా ఇసుకా కొబ్బరిచెట్లూ ఉన్న చిన్న చిన్న లంకలు, ఉంగరం నడుమ ప్రశాంతమైన ఉప్పునీటి మడుగు. ఇలాంటి దాన్ని అటాల్ అంటారు, మడుగును లగూన్ అంటారు. సముద్రం మీదికి ఎంతెత్తు లేచిందని అడిగితే కొన్ని మీటర్లు మాత్రమే అని చెప్పాలి.

అటాల్ ఎలా పుడుతుందన్న ప్రశ్నకు చార్లెస్ డార్విన్ 1842లో జవాబు చెప్పాడు. మొదట అగ్నిపర్వతం సముద్రంలోంచి లేస్తుంది, దాని అంచుల చుట్టూ వెచ్చని నీటిలో పగడాలు పెరుగుతాయి, తర్వాత పర్వతం లక్షల ఏళ్ళపాటు మెల్లగా కుంగిపోతూ ఉంటే పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పైకి కట్టుకుంటూ పోతాయి, చివరికి పర్వతం మునిగిపోయి ఉంగరం ఒక్కటే మిగులుతుంది. ఇది ఊహే అని చాలామంది వాదించారు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్ అటాల్ మీద బోరు వేస్తే, దాదాపు 1,400 మీటర్ల మందాన సున్నపురాయి దాటాక అగ్నిపర్వతపు నల్లరాయి తగిలింది. ఆ సిద్ధాంతం నాకు ఎంత అందంగా తోస్తుందో, పడవ నడిపేవాడికి అంత భయంకరమైన అర్థం కూడా దానిలో ఉంది. పర్వతం లేదు కనుక దూరం నుంచి ఏమీ కనిపించదు. దిబ్బ వెలుపలి అంచు మునిగిన కొండ చరియే కనుక, లోతు చూపే పరికరం ఏ హెచ్చరికా చేయదు. ఒక నిమిషం అడుగు అందని లోతు, మరు నిమిషం పడవ కింద రాయి.

ఇక మా ప్రయాణం సంగతి. మా పడవ 12 మీటర్ల పొడవున్న ఒంటి స్తంభం తెరచాప పడవ. మేం ఐదుగురం. సరంగుగా ఉన్న స్నేహితుడికి ఇరవై ఏళ్ళ సముద్రానుభవం ఉంది. ఒకామె వైద్యురాలు. ఒకడు ఇంజను పని తెలిసినవాడు. ఇంకొకడు ఆకాశాన్నీ వాతావరణాన్నీ చదవడం ఇష్టంగా నేర్చుకున్నవాడు. నాకు అప్పగించినది తిండీ నీళ్ళూ. బయలుదేరే ముందు నెలరోజులు మేం తాళ్ళూ తెరచాపలూ చూసుకోవడానికి ఎంత సమయం పెట్టామో, ఒక ఒప్పందం రాసుకోవడానికీ అంతే సమయం పెట్టాం. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొదట నవ్వుకున్నాం. కానీ ఒడ్డున ఎంత చనువుగా ఉన్నా, నాలుగడుగులు నడిచే చోటు లేని పడవలో నిద్ర చాలక వారం రోజులు ఉంటే మనుషులు మారిపోతారు. ఆ ఒప్పందంలో ముఖ్యమైన వాక్యం ఇది: ఏ పనికైనా ఒక్కరు వద్దంటే ఆ పని ఆగిపోవాలి, కానీ ప్రమాదమున్న పనిని చేద్దామనడానికి మాత్రం సరంగు ఒప్పుకోవాలి. వద్దన్నవారిని కారణం అడగవచ్చు గాని ఎత్తిపొడవకూడదు. ఈ చివరి మాట వైద్యురాలు పట్టుబట్టి చేర్పించింది.

నా వంతు పని గురించి కొద్దిగా చెబుతాను. మనిషికి తాగడానికీ వంటకీ రోజుకి నాలుగు లీటర్లు లెక్కవేసుకున్నాం. ఐదుగురికి ఇరవై లీటర్లు. ప్రయాణం 20 రోజులనుకుంటే నీళ్ళు 30 రోజులకి, అంటే 600 లీటర్లు ఎక్కించాం. అన్నీ ఒకే ట్యాంకులో పోయలేదు. ఒకటి కారినా, దానిలోకి ఉప్పునీరు చేరినా రెండోది మిగలాలి. అట్టపెట్టెలన్నీ రేవులోనే విప్పి పారేశాం. వాటి మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి. పడవలోకి చేరిన పురుగు పడవలోనే ఆగదు, మనతోపాటు దీవిలోకి దిగుతుంది. కోడిగుడ్లు రెండు రోజులకోసారి తిరగేసి పెట్టడం, పచ్చి అరటిగెల నీడన కట్టడం, ఉల్లిపాయలు గాలి తగిలేచోట ఉంచడం, ఇవన్నీ చిన్న పనుల్లా కనిపిస్తాయి గాని ఐదో రోజున వండుకోవడానికి ఏం మిగిలిందన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఆగస్టు నెలలో ఫ్రెంచ్ పాలినేషియాలోని బోరాబోరా దీవి నుంచి బయలుదేరాం. అక్కడి నుంచి సువారోకి సుమారు 690 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 1,280 కిలోమీటర్లు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆ సముద్రంలో తుపానుల కాలం కనుక పడవలన్నీ ఆలోపే ప్రయాణాలు ముగించుకుంటాయి. ఆగస్టులో ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు నిలకడగా వీస్తాయి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచిపోతుంటే ఆ చోటు నింపడానికి రెండు వైపుల నుంచీ చల్లగాలి పారుతుంది, భూమి తిరగడం వల్ల అది పడమరకి వంగుతుంది. మేం వెళ్ళే దిక్కు కూడా పడమరే కనుక గాలివాటున సాగిపోయాం. గంటకు ఐదున్నర నాటికల్ మైళ్ళు. నడకకి రెట్టింపు వేగం, అంతే. కాని పడవకి నిద్ర లేదు. రాత్రిళ్ళు సరంగును మినహాయించి నలుగురం మూడేసి గంటల చొప్పున కాపలా కాశాం. సరంగు ఏ క్షణంలో పిలిచినా లేవాలి కాబట్టి అతనికి వంతు వేయలేదు.

ఆ ఐదు రోజుల్లో చెప్పుకోదగ్గ ఘటన ఏదీ జరగలేదు. ఇంజను చూసే స్నేహితుడికి మాత్రం సముద్రం పడలేదు. వెనక నుంచి వచ్చే పొంగు పడవను ఉయ్యాలలా అటూ ఇటూ ఒరిగిస్తూ ఉంటే మొదటి మూడు రోజులూ అతనికి నోట్లో ఏమీ నిలవలేదు. నాలుగో రోజున కాస్త గంజి తాగాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఐదో రోజు సాయంత్రం జరిగిన వాదన అతనిదే.

ఐదో రోజు మధ్యాహ్నం మూడు దాటాక ముందుభాగంలో నిలబడ్డ వైద్యురాలు చెయ్యెత్తి చూపించింది. సముద్రపు గీత మీద ఎవరో పెన్సిలుతో చుక్కలు పెట్టినట్టు కనిపించింది. అవి కొబ్బరిచెట్ల తలలు. వాటి కింద నేల ఇంకా కనిపించడం లేదు. అటాల్‌ను ఎనిమిది, పది మైళ్ళ లోపుకి వస్తే గాని చూడలేం. మరో గంటకి చెట్ల కింద తెల్లని గీతలా విరిగే కెరటాలు కూడా కనిపించాయి. లోపలికి వెళ్ళడానికి దిబ్బలో ఈశాన్యం వైపు ఒక గండి ఉంది. దాని ముందుకి చేరేసరికి ఐదు దాటుతుంది. ఆ తర్వాత సూర్యాస్తమయానికి ఎంతోసేపు లేదు. అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కనుక సంధ్యవెలుతురు ఎక్కువసేపు ఉండదు.

ఇంజను స్నేహితుడు అన్నాడు: “ఇంకా వెలుతురుంది కదరా. గండి కనిపిస్తోంది, జీపీఎస్ ఉంది, ఇంజను బాగుంది. అరగంటలో లోపల లంగరు వేసుకుని కదలని మంచం మీద పడుకోవచ్చు.”

సరంగు కాసేపు దిబ్బ వైపే చూశాడు. “రేపు పొద్దున పదింటికి వెళ్దాం,” అన్నాడు. అప్పుడు వచ్చిన కోపం చిన్నది కాదు. ఐదు రోజులు కడుపు మాడినవాడి కోపం అది. నేనూ మనసులో అతని వైపే ఉన్నాను, ఆ మాట ఇవాళ ఒప్పుకుంటాను. కానీ ఒప్పందం ప్రకారం వద్దన్న మాటే నెగ్గింది.

సరంగు చెప్పిన కారణాలు ఇవి. పగడపు దిబ్బల మధ్య పడవ నడిపేవాడికి అసలైన పటం నీటి రంగు. ముదురు నీలం అంటే లోతు, పచ్చదనం వచ్చిందంటే లోతు తగ్గుతోంది, లేత పచ్చలో తెలుపు కలిస్తే ఇసుక, గోధుమరంగు కనిపిస్తే నీటి కిందే పగడం. ఈ రంగులు కనిపించాలంటే సూర్యుడు బాగా పైన, వెనకవైపు ఉండాలి. మేం ఈశాన్యం నుంచి నైరుతి ముఖంగా లోపలికి వెళ్ళాలి. సాయంత్రం ఐదింటికి ఎండ పడమర నుంచి ఏటవాలుగా కళ్ళలో పడి నీళ్ళన్నీ ఒకే వెండిరేకులా మెరుస్తాయి. అదే ఉదయం పదింటికైతే సూర్యుడు మా వీపు మీద, ఈశాన్యంలో ఉంటాడు. ఇక జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెబుతుంది గాని రాయి ఎక్కడుందో చెప్పేది పటం. ఇలాంటి మారుమూల దీవుల పటాల్లో చాలావాటికి ఆధారం ఉపగ్రహాలు రాకముందు చేసిన పాత కొలతలే. ఆ కొలతల్లో దీవి మొత్తం పక్కకి జరిగి ఉండటం వింత కాదు.

ఆ రాత్రి కాపలాలో సరంగు నాకు రెండు సంగతులు గుర్తుచేశాడు. 1770 జూన్ 11 రాత్రి, వెన్నెల్లో, గాలి అనుకూలంగా ఉండగా, బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ నడిపిన ఎండీవర్ ఓడ ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని మహా పగడపు దిబ్బకి గుద్దుకుంది. అంతకు కొద్దిసేపటి ముందు గుండు వేసి కొలిస్తే 17 ఫాథమ్‌ల లోతు తేలింది, అంటే 30 మీటర్ల పైమాటే. మళ్ళీ గుండు వేసేలోపే ఓడ రాయి మీద ఉంది. ఫిరంగులూ బరువులూ కలిపి 40, 50 టన్నుల సరుకు సముద్రంలో పారేసి, దాదాపు ఒక రోజు తర్వాత రెండో పోటుకి ఓడను బయటకు లాగగలిగారు. అడుగున పడ్డ రంధ్రంలో విరిగిన పగడపు ముక్క ఒకటి బిరడాలా ఇరుక్కుపోయి ఉండటం వాళ్ళ అదృష్టం. రెండోది ఇటీవలిది. 2014 నవంబరు 29న, ప్రపంచం చుట్టే పడవ పందెంలో ఉన్న ఒక పెద్ద తెరచాప పడవ హిందూ మహాసముద్రంలో మారిషస్‌కి ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ దిబ్బ మీదికి రాత్రివేళ పూర్తి వేగంతో ఎక్కేసింది. తొమ్మిదిమందీ బతికారు. పడవలో ఆధునిక పరికరాలన్నీ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ పటాన్ని చిన్నది చేసి చూసినప్పుడు ఆ దిబ్బ తెరమీద సరిగా కనిపించలేదు, దగ్గరకి లాగి చూస్తే కనిపించేది. రెండు ఘటనల మధ్య 244 ఏళ్ళున్నాయి. రెండుసార్లూ రాత్రివేళ దిబ్బ కంటికి అందలేదు.

సరే, సముద్రం మధ్య పడవను ఆపడం ఎలాగని మీరు అడగవచ్చు. లంగరు వేయడానికి అక్కడ అడుగు అందదు. ముందు తెరచాపను గాలికి ఎదురువైపుకి లాగి కట్టి, పెద్ద తెరచాపను కుదించి, చుక్కానిని పడవ గాలిలోకి తిరిగేటట్టు కట్టేస్తే, ముందు తెరచాప పడవను ఒకవైపు తోస్తుంది, చుక్కాని రెండోవైపు తిప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచడంతో పడవ ముందుకి పోకుండా గంటకు మైలు, మైలున్నర చొప్పున పక్కకి జారుతూ ఉంటుంది. కట్టిన మరుక్షణం వచ్చే మార్పు ఆశ్చర్యంగా ఉంటుంది. అయిదు రోజులుగా చెవుల్లో ఉన్న హోరు తగ్గిపోయి, ఒరుగుడు తగ్గి, గిన్నెలు కదలడం మానేశాయి. గాలి ఆగ్నేయం నుంచి వీస్తోంది కనుక దీవికి ఉత్తరంగా జరిగి ఆగాం. అక్కడైతే గాలి మమ్మల్ని దిబ్బ మీదికి నెట్టదు, దూరంగా తీసుకుపోతుంది. ఎంత దూరం జారామో గంటకోసారి రాసుకున్నాం.

నా వంతు అర్ధరాత్రి ముగిసింది, అయినా నేను పడుకోలేదు. సాయంత్రం నడినెత్తికి దగ్గరగా ఉన్న జ్యేష్ఠా నక్షత్రం పడమరకి దిగిపోయింది, త్రిశంకు నక్షత్రాలు కూడా దిగిపోయాయి. దీవి కనిపించడం లేదు. గాలి సర్దుకున్నప్పుడల్లా దక్షిణం నుంచి చాలా సన్నగా, దూరంగా రైలు వంతెన దాటుతున్నట్టు ఒక శబ్దం వినిపించేది. కెరటాలు దిబ్బ మీద విరిగే చప్పుడు అది. కాసేపటికి ఇంజను స్నేహితుడు పైకి వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. “నిద్ర పట్టిందిరా,” అన్నాడు చివరికి. “బోరాబోరా వదిలాక ఇదే మొదటిసారి.”

తెల్లవారాక మళ్ళీ గండి వైపు తిరిగాం. గండి దగ్గర నీటి నడకను అర్థం చేసుకోవడం ముఖ్యం. ఆటుపోట్ల వల్ల నీళ్ళు లోపలికీ బయటికీ వెళ్తాయని అందరికీ తెలుసు. కానీ అటాల్‌లో ఇంకో శక్తి కూడా పనిచేస్తుంది. గాలివైపు దిబ్బ మీదినుంచి కెరటాలు ఎప్పుడూ మడుగులోకి నీళ్ళు పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళన్నీ తిరిగి పోవడానికి ఉన్న పెద్ద దారి గండి ఒక్కటే. అందువల్ల పొంగు పెద్దగా ఉన్న రోజుల్లో పోటు వేళ కూడా గండిలోంచి నీరు బయటికే పారవచ్చు. అలా పారే నీటికి ఎదురుగా బయటి అలలు వస్తే కెరటాలు నిటారుగా నిలబడి ఒక్కచోటే ఎగురుతుంటాయి. పట్టికలో రాసిన సమయాన్ని నమ్మి ఊరుకోకుండా, అరగంటసేపు గండి ఎదుట అటూ ఇటూ తిరుగుతూ నీటిని చూసి, కెరటాలు చదునైన తర్వాత కదిలాం.

స్తంభానికి అడ్డంగా ఉన్న మెట్టు మీదికి ఎక్కి రంగులు చెప్పే పని ఎవరిదని సరంగు అడిగితే, ముందు రోజు వాదించిన స్నేహితుడే తాడు నడుముకి బిగించుకుని ఎక్కాడు. ఎండ మెరుపును తగ్గించే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి అరుస్తూ ఉన్నాడు: “నీలం... నీలం... కుడిపక్క గోధుమరంగు, ఎడమకి... చాలు... నీలం.” నేను కింద నిలబడి చూస్తే ఆ గోధుమరంగు మచ్చ నీటికి మీటరు లోతున కూడా లేదు. మెదడు మడతల్లాంటి గీతలున్న పగడపు బండ అది, పడవకి ఇరవై మీటర్ల దూరంలో జారిపోయింది. ముందు రోజు సాయంత్రం అదే చోట వెండిరేకు తప్ప ఏమీ కనిపించలేదు.

లంగరు వేయడం కూడా రంగు చూసే. ఇసుక మచ్చ వెతికి వేశాం. మడుగు అడుగున పగడపు బండలుంటాయి, గాలి మారినప్పుడు గొలుసు వాటి చుట్టూ తిరిగి బిగుసుకుంటుంది, వందేళ్ళుగా పెరిగిన పగడం ఒక్క రాత్రిలో విరిగిపోతుంది. అందుకని గొలుసుకి అక్కడక్కడా తేలే బుడ్లు కట్టి అడుగుకి తగలకుండా పైకి ఎత్తి ఉంచాం.

సువారో 1978 నుంచి జాతీయ ఉద్యానం. స్థిరనివాసులు ఎవరూ లేరు. ప్రయాణ కాలంలో మాత్రం కుక్ దీవుల ప్రభుత్వం పంపిన రక్షకులు లంగరు దీవి (యాంకరేజ్ ఐలండ్) అనే లంక మీద ఉండి, వచ్చిన పడవలను తనిఖీ చేసి, ఏ లంక మీదికి వెళ్ళవచ్చో, ఎక్కడికి వెళ్ళకూడదో చెబుతారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. జనం లేని దీవి అనగానే ఎవరిదీ కాని దీవి అనుకునే అలవాటు మనకుంది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో సలోమన్ అటాల్ కూడా పడవలవాళ్ళకి ప్రియమైన నిర్జన ప్రదేశమే. కానీ అది దానంతటది నిర్జనం కాలేదు. డియెగో గార్షియాలో సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 వరకు బ్రిటిష్ ప్రభుత్వం చాగోస్ ప్రజలందరినీ వాళ్ళ దీవుల నుంచి తరలించింది. అక్కడ కూలిన చర్చి గోడల మధ్య ఎదిగిన కొబ్బరిచెట్టును అందమైన దృశ్యంగా మాత్రమే చూసేవారితో నేను ఏకీభవించలేను. ఏ దీవికి వెళ్ళేముందైనా అది ఎవరిదో, అనుమతి ఎవరు ఇవ్వాలో కనుక్కోవడం మర్యాద మాత్రమే కాదు, ఆ చోటు చరిత్రలోకి దిగడం కూడా.

సువారోకీ చరిత్ర ఉంది. న్యూజీలాండ్‌కి చెందిన టామ్ నీల్ 1952 నుంచి 1977 వరకు మూడు విడతలుగా ఇక్కడ ఒంటరిగా బతికాడు. తోట పెంచాడు, కోళ్ళు పెంచాడు, పగడపు నేలలో కూరగాయలు కాయించాడు. అలాంటి మనిషికి 1954లో ఒకరోజు పడవ లంగరు విసరబోతే నడుం పట్టేసింది. కదలలేక రోజుల తరబడి గుడిసెలో పడి ఉన్నాడు. అనుకోకుండా ఒక తెరచాప పడవ రావడం వల్లే బతికాడు. అతని ధైర్యం పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఈ కథ చదివినప్పుడల్లా నాకు తోచేది ఒకటే, అక్కడ రెండో మనిషి ఉంటే నడుం నొప్పి నడుం నొప్పిగానే ఉండేది.

ఇంకా పాత కథ ఒకటుంది. 1942 ఫిబ్రవరిలో అమెరికా రచయిత రాబర్ట్ డీన్ ఫ్రిస్బీ తన నలుగురు పిల్లలతో ఈ దీవి మీద ఉండగా తుపాను వచ్చింది. సముద్రం దీవి మీది నుంచి పారింది. ఆయన పిల్లలను తమాను చెట్ల కొమ్మలకి తాళ్ళతో కట్టేసి కాపాడుకున్నాడు. అటాల్‌లోని 22 లంకల్లో 16 ఆ తుపానుకి కొట్టుకుపోయాయి. తమాను అంటే ఏమిటో అనుకున్నాను. దీవి మీద దాని కింద నిలబడి దళసరి ఆకులనూ, వాటిలో పక్కపక్కనే దువ్వినట్టున్న సన్నని ఈనెలనూ, నేల మీద రాలిన గుండ్రటి కాయలనూ చూశాక గుర్తుపట్టాను. అది మన పొన్నచెట్టే. చిన్నప్పటి నుంచి ఎరిగిన చెట్టు, పసిఫిక్ నడుమ ఒక కుటుంబాన్ని తన కొమ్మల్లో పెట్టుకుని కాపాడింది. దాని బెరడు మీద చెయ్యి పెట్టి కాసేపు అక్కడే ఉండిపోయాను.

దీవిలో పదిరోజులున్నాం. పగటిపూట మడుగులో పగడాలు చూడటం, రాత్రిపూట దీపం పట్టుకుని కొబ్బరిపీతలను చూడటం. నేలమీద బతికే వెన్నెముక లేని జీవుల్లో అన్నింటికంటే పెద్దది ఇదే. బాగా ఎదిగితే నాలుగు కిలోల దాకా తూగుతుంది, కాళ్ళు చాపితే మీటరు వెడల్పు ఉంటుంది. ఒక రాత్రి మా ముందు ఒక ముదురు నీలి పీత కొబ్బరికాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొందరేమీ లేదు. పీచును ఒక్కొక్క పోగుగా, మూడు కళ్ళున్న వైపు నుంచే పీకుతోంది. అరగంట చూసి మేం అలసిపోయాం, అది అలసిపోలేదు. ఈ పీత చాలా నెమ్మదిగా ఎదుగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. దాన్ని వండుకు తినాలనుకునేవాళ్ళు తాము తింటున్నది ఎన్నేళ్ళ వయసో ఆలోచించాలి.

పక్షుల లంకల మీదికి మేం దిగలేదు, పడవలోంచే చూశాం. నల్లవీపు సముద్రపు రామదాసు పక్షులు వేలకొద్దీ నేల మీదే గుడ్లు పెడతాయి. మనిషి నడిస్తే గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. గుడ్డు ఆ మండుటెండలో కాసేపు నీడ లేకుండా ఉంటే చాలు, లోపలి పిల్ల చచ్చిపోతుంది. మనం ఫొటో తీసుకుని సంతోషంగా వచ్చేస్తాం, జరిగిన నష్టం మనకి తెలియనే తెలియదు.

చేపల విషయంలో వైద్యురాలి మాటే చెల్లింది. దిబ్బ మీది పెద్ద చేపలు తినవద్దంది. గాంబియర్ దీవుల పేరు పెట్టిన ఒక సూక్ష్మ శైవలం పగడాల మీద పెరుగుతుంది, దాన్ని చిన్న చేపలు మేస్తాయి, వాటిని పెద్దవి తింటాయి, అలా విషం పేరుకుంటూ పోతుంది. ఆ చేపకి రుచిలో వాసనలో తేడా ఉండదు, ఎంత ఉడికించినా విషం పోదు. సోకినవారికి వాంతులూ తిమ్మిర్లూ వస్తాయి, చల్లని వస్తువు పట్టుకుంటే కాలినట్టుంటుంది. 1774లో కుక్ రెండో యాత్రలో కొందరు నావికులు చేప తిని పడ్డ బాధ ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నారు. మేం ప్రయాణంలో లోతు సముద్రంలో పట్టి ఎండబెట్టుకున్న చేపతో సరిపెట్టుకున్నాం. పగడం గీసుకుపోయిన గాట్లను కూడా ఆమె చిన్నవని వదలలేదు. ఆ వేడిలో అవి రెండో రోజుకే చీము పడతాయి.

బయలుదేరాల్సిన ముందు రోజు సాయంత్రం, చెత్తంతా సంచుల్లో కట్టి పడవ వెనక అరలో సర్దుతున్నాం. అందులో మా చెత్త సగమే. మిగతాది దీవి బయటి ఒడ్డున ఏరినది, మూతలూ, తాళ్ళూ, ఎక్కడివో చెప్పుల ముక్కలూ. ఇదే పసిఫిక్‌లో మనుషులు లేని హెండర్సన్ దీవి మీద 2015లో పరిశోధకులు లెక్కవేస్తే 3 కోట్ల 77 లక్షల ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయని తేలింది. మా సంచులు దాని ముందు ఏపాటివో మాకు తెలుసు. అయినా కట్టాం.

ఆ సమయంలో రేడియోలో ఒక గొంతు వినిపించింది. ఇద్దరే ఉన్న చిన్న పడవ, గండికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. భార్యకి ఆరోగ్యం బాగాలేదనీ, ఎనిమిది రోజులుగా నిద్ర లేదనీ, చీకటి పడేలోపు లోపలికి వస్తామనీ అతను అంటున్నాడు. సూర్యుడు కొబ్బరిచెట్ల ఎత్తుకి దిగిపోయి ఉన్నాడు. సరంగు లేచేలోపే మా ఇంజను స్నేహితుడు రేడియో అందుకున్నాడు. ముందు వైద్యురాలిచేత ఆమెకి ఎలా ఉందో అడిగించాడు. సముద్రం పడకపోవడమే తప్ప ప్రమాదమేమీ లేదని తేలాక, గొంతు తగ్గించి నిదానంగా మాట్లాడాడు. ఇప్పుడు వస్తే నీటిలో ఏమీ కనిపించదనీ, ఉత్తరంగా జరిగి తెరచాపను ఎదురు కట్టి ఆగమనీ, అలా ఆగితే ఆమెకి నిద్ర పడుతుందనీ, అది తనకి తెలుసనీ చెప్పాడు. పొద్దున పదింటికి మా చిన్న పడవలో గండి ముఖం దాకా ఎదురొచ్చి దారి చూపిస్తామన్నాడు. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత సరేనన్నారు.

మా ప్రయాణం ఒక పూట వాయిదా పడింది. ఆ రాత్రి ఐదుగురం పడవ పైభాగానే పడుకున్నాం. కొబ్బరిచెట్ల తలల మీదుగా, ఉత్తరాన, వాళ్ళ స్తంభం మీది దీపం కనిపిస్తూ ఉంది. అది ఊగుతూ, మెల్లగా, మెల్లగా పడమరకి జారుతోంది.